ఎడమచేతి కత్తెర

మా కార్ఖానాలో బహుమతుల పెట్టెలు తయారవుతాయి. బహుమతులు కావు, వట్టి పెట్టెలు. వాటిలో ఎవరు ఏం పెట్టుకుని ఎవరికిస్తారో మాకు తెలియదు, అక్కర్లేదు కూడా. అట్టను కోసి, మడిచి, జిగురు పూసి, పైన రంగుల కాగితం అంటించి, లోపల మెత్తటి శాటిన్ బట్ట పరిస్తే మా పని అయిపోయినట్టే. నేను చెప్పబోయేది ఆ బట్ట పరిచే మనిషి గురించి. ఆవిడ అసలు పేరు జీతాల రోజున గుమాస్తా పిలిచినప్పుడు తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. అందరికీ ఆవిడ పుర్రచేతక్క. ఎడమచేతి వాటం కాబట్టి ఆ పేరొచ్చింది. పెట్టినవాళ్ళెవరో తెలియదు గానీ ఆవిడ మాత్రం ఒక్కనాడూ తప్పుపట్టలేదు. "కుడిచేత్తో మీరంతా ఊడబొడిచేదేంటో నేనూ చూస్తున్నాగా" అని నవ్వేసేది.

నేను జిగురు బల్ల దగ్గర మనిషిని. ఆవిడ బల్లా నా బల్లా ఎదురెదురు. ఇన్నేళ్ళూ ఇంట్లో మొగుడి మొహం కంటే ఆవిడ మొహమే ఎక్కువ చూశాను. అందుకని ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. చల్లగా, నిదానంగా చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

కార్ఖానాలో కత్తెరలన్నీ కుడిచేతివాళ్ళ కోసం చేసినవే. కత్తెరలో కుడీ ఎడమా ఏముందని నేనూ అనుకునేదాన్ని, ఒకరోజు ఆవిడ నా ఎడమచేతికి కత్తెర ఇచ్చి శాటిన్ కొయ్యమనేదాకా. బ్లేడ్లు రెండూ ఒకదానికొకటి ఆనవు. మధ్యలో బట్ట నలుగుతుందే గాని తెగదు. అసలే శాటిన్ జారుడు బట్ట. ఆవిడ బొటనవేలితో పిడిని పక్కకు నొక్కిపట్టి, మెడ వంచి, గీత కనపడక తల అటు తిప్పి ఇటు తిప్పి కోసేది. అయినా ఆవిడ పరిచిన బట్టలో ఒక్క ముడత చూపించమనండి! బొటనవేలి మొదట్లో కాయ కాసి రాయిలా గట్టిపడిపోయింది. చలికాలంలో అది పగిలేది. వెన్న రాసుకుని గుడ్డ కట్టుకుని పని చేసేది.

ఆవిడ మొగుడు ఒకప్పుడు మూటలు మోసేవాడు. నడుము పట్టేసి మంచాన పడ్డాడు. తర్వాత లేచి తిరిగినా బరువెత్తే రోజులు అయిపోయాయి. అప్పట్నుంచీ వంట ఆయనది, సంపాదన ఆవిడది. రెండు గదుల అద్దె ఇల్లు. ఆ ఇంటికి ఆవిడ జీతం ఒక్కటే ఆధారం. ఈ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. మేస్త్రికి అందరికంటే బాగా తెలుసు.

అతని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు చీటీల సంగతి చెప్పాలి.

ఏడాది చివర సెలవులు వస్తాయంటే మాలో ఒక పిచ్చి పట్టేది. అందరూ అందరికీ ఏదో ఒకటి ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మొహం చెల్లదు. చివరి వారంలో జీతం మీద అడ్వాన్సు తీసుకుని బజారు మీద పడేవాళ్ళం. కొట్లవాళ్ళకు మా తొందర తెలియదా? ధరలు కొండెక్కించి కూర్చునేవాళ్ళు. ఆ పెట్టెలు చేసేది మేమే, ఆ పెట్టెలో పడుకోబెట్టిన సబ్బుబిళ్ళను మూడింతలు పోసి కొనేదీ మేమే. తర్వాత నెలల తరబడి జీతంలో కోత. ఒకరికొకరం ఇచ్చుకున్నవి కూడా ఏం పనికొచ్చాయి గనక! ఒక ఏడాది నాకు ముగ్గురు మూడు ఫొటో ఫ్రేములిచ్చారు. వాటిల్లో పెట్టుకోవడానికి మా ఇంట్లో అన్ని మొహాలు లేవు.

అలాంటి ఒక సెలవుల తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున, గుమాస్తా కోతలు లెక్క చెబుతుంటే అందరం మొహాలు వేలాడేసుకుని నిలబడ్డాం. పుర్రచేతక్క బల్ల మీద కత్తెర పెట్టి అంది కదా, "సెలవుల పెట్టెలు మనం ఎండాకాలంలోనే మొదలెడతాం గదా. పెట్టె ముందు చేసినవాళ్ళం, దాన్లో పెట్టేది ముందు కొనుక్కోలేమా?"

అదే మొదలు. అక్కడికక్కడే అట్ట ముక్కల మీద పేర్లు రాసి, ఖాళీ జిగురు డబ్బాలో వేసి కలిపి, తలా ఒక చీటీ తీశాం. ఎవరికి ఎవరి పేరు వస్తే ఆ ఒక్కరికే బహుమతి. ఏడాది టైముంది. ఎవరిది తీశామో బయటికి చెప్పకూడదు. ఏం కావాలని అడగకూడదు, కళ్ళతో కనిపెట్టాలి. అన్నిటికంటే గట్టి నియమం, సీజను మొదలయ్యాక కొనకూడదు. వానలు వెనకబడ్డాక గొడుగు, ఎండలు ముదిరాక స్వెట్టరు, బళ్ళు తెరిచి జనం కొనుక్కుపోయాక మిగిలిన పుస్తకాల సంచీ, అలా. "అందరూ కొనేటప్పుడు మనం కొనకూడదు, అంతే" అనేది ఆవిడ. ఎవరిదైనా బహుమతి తేలిపోతే "సీజను సరుకు" అని ఏడాదంతా ఏడిపించేవాళ్ళం.

ఇంక చూడాలి ఆ కార్ఖానా! ఏడాది పొడుగునా ఒకరి మీద ఒకరికి నిఘా. వ్యాను డ్రైవరు మండుటెండలో ఉన్ని స్వెట్టరు అడిగితే కొట్టువాడు జ్వరమేమోనని కుర్చీ వేసి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడట. ప్యాకింగ్ తాత అన్నం తిని కునుకు తీస్తుంటే గుమాస్తా చప్పుడు కాకుండా స్కేలు పట్టుకొచ్చి ఆయన పాదం కొలవబోయాడు, చెప్పుల కోసం. తాతకు మెలకువ వచ్చింది. స్కేలునీ గుమాస్తానీ మార్చి మార్చి చూసి, "ఏమయ్యా, అప్పుడే నన్ను పడుకోబెట్టే పెట్టె చేస్తున్నారా?" అన్నాడు. ఆ రోజంతా ఎవరి పనీ సాగలేదు. సెలవుల ముందు అడ్వాన్సులు మాత్రం ఆగిపోయాయి. ఇంట్లో పిల్లలకి కొనేవి కూడా మేం అలాగే ముందుగా కొనుక్కోవడం అలవాటు చేసుకున్నాం. ఇచ్చినవి పనికొచ్చాయి కూడా. ఆవిడ నాకిచ్చిన గొడుగు వానలు పోయాక సగానికి సగం ధరకి కొన్నది.

ఇప్పుడు మేస్త్రి. అతను పుట్టుకతోనే మేస్త్రి కాడు. అట్ట తునకలు ఊడ్చే పనికి చేరాడు. మూల మడత పెట్టడం రాక రోజూ చివాట్లు తింటుంటే పుర్రచేతక్క తన పక్కన నిలబెట్టుకుని నేర్పింది. తన క్యారేజీలో సగం పెట్టింది. అతని పెళ్ళాం కాన్పుకి ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆవిడే. పాత మేస్త్రి మానేసినప్పుడు ఓనరు ఎవర్ని పెట్టాలా అని ఆలోచిస్తుంటే "మా తమ్ముడు చేస్తాడు బాబూ" అని చెప్పిందీ ఆవిడే. తోడబుట్టినవాడు కాదు, ఏ చుట్టరికమూ లేదు. తమ్ముడు అంది, తమ్ముడిగానే చూసింది. నేను ఆ రోజుల్లో అతను అనేదాన్ని. ఇప్పుడు నా నోటికి వాడు అనే వస్తుంది. ఈ కథ అయ్యేవరకూ మర్యాదగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఈ సంగతంతా జరిగిన ఏడాది, చీటీలు తీసిన వారానికే మేస్త్రి నా బల్ల దగ్గరికొచ్చి, జిగురు చిక్కదనం చూస్తున్నట్టు నటిస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఎవరికీ చెప్పకు. పుర్రచేతక్క చేతికి ఏ సైజు కత్తెర పడుతుంది?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "నీకు ఆవిడ పేరొచ్చిందా?"

"ఎడంచేతివాళ్ళకని వేరే కత్తెర ఉంటుందంట. ఎదురుగా హార్డ్‌వేర్ కొట్లో ఒకటి ఎవరూ కొనక మూలపడి ఉంది. సగం ధరకే ఇస్తానన్నాడు. ఇన్నాళ్ళూ మనకి తట్టలేదు చూడు."

నిజమే, ఆవిడ వేలికి కాయ కాసిందని బాధపడ్డామే గాని కత్తెర మారిస్తే సరిపోతుందని ఎవరికీ తట్టలేదు. తట్టింది అతనికే. ఆ రోజు అతని మీద నాకు పుట్టిన అభిమానం అంతా ఇంతా కాదు. కొన్నాళ్ళకి "కొన్నావా?" అని కనుబొమలతో అడిగితే, "కొనేశాను. చూస్తే నువ్వే కుళ్ళుకుంటావు" అన్నాడు. ఆ రహస్యం కడుపులో పెట్టుకుని ఏడాదంతా ఆవిడ ఎదురుగా కూర్చోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను.

ఎండలు ముదిరాయి. కార్ఖానా ముందు రోడ్డంతా పైపుల కోసం తవ్వి పడేశారు. ఆ వారం రోజులూ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా గుంట మీద వేసిన పలక మీద సర్కస్ చేస్తూ నడవాల్సొచ్చింది. రోడ్డు పూడ్చిన మర్నాడు గేటు ముందు ఒక కారు ఆగింది. "అమ్మయ్య, బళ్ళు కూడా వస్తున్నాయి" అనుకుంటూ అందరం తొంగిచూశాం. కర్టెన్ల కొట్టు నడిపే ఆవిడ. మా పెట్టెల్లో శాటిన్ పని చూసి, అది చేసిందెవరో కనుక్కుని వచ్చింది. తన దగ్గర బట్ట కోసే మనిషి మానేసిందట. జీతం ఇక్కడి కంటే మెరుగు, కూర్చుని చేసే పని, నెలాఖరులోగా చేరాలి. ఆ మాట చెప్పి వెళ్ళిపోయింది.

ఇంట్లో మొగుడు వెళ్ళమన్నాడు. నేనూ ఏడుపు మొహంతోనే వెళ్ళమన్నాను. ఆవిడ మనసు ఊగిసలాడింది. చివరికి "తమ్ముణ్ణి అడుగుతాను" అంది. నా ఎదురుగానే అడిగింది.

మేస్త్రి గతుక్కుమన్నాడు. చేతిలో అట్ట పక్కన పడేసి ఆవిడ బల్ల మీద చెయ్యేసి నిలబడ్డాడు. "ఏంటక్కా ఆ మాట! సీజనుకి ఇంత పెద్ద ఆర్డరు వస్తుంటే నువ్వు పోతే నా చేతులు విరిచేసినట్టే. అయినా ఆ కర్టెన్ల కొట్టు ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు? ఇక్కడ నీకేం భయం? నేనున్నానుగా."

"నువ్వుండమంటే ఉంటాను తమ్ముడూ. నా ఒక్క జీతం మీద ఇల్లు నడవాలి గదా, అందుకని ఆలోచించా."

"ఉండక్కా. ఈ బల్ల నీదే" అన్నాడు.

ఆవిడ ఉండిపోయింది. కర్టెన్ల ఆవిడకి రానని కబురు పంపింది. మనసు తేలికపడి ఆ రోజు మా అందరికీ టీ తెప్పించింది.

సీజను వచ్చిపడింది. ఆ ఆర్డరు మామూలుది కాదు. కింద నుంచి పైకప్పు దాకా పెట్టెలే. పుర్రచేతక్క తల ఎత్తకుండా కోసింది, పరిచింది. కాయ పగిలి నెత్తురు వస్తే శాటిన్‌కి మరక అంటకుండా వేలికి ప్లాస్టర్ చుట్టుకుంది. ఆ వేలు చూసినప్పుడల్లా, "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు తల్లీ, నీ కత్తెర వస్తోంది" అని లోపల్లోపల అనుకునేదాన్ని. ఒకసారి మేస్త్రితో "ఆ కత్తెరేదో ముందే ఇచ్చేయరాదూ, నియమం తప్పితే తప్పింది" అన్నాను. "నాకు చచ్చేంత పనుందక్కా" అని విసుక్కుని వెళ్ళిపోయాడు. పని ఒత్తిడి అనుకున్నాను. ఎంత మంచిదాన్నో నేను!

ఆర్డరు ఆఖరి లోడు వ్యానెక్కిన రోజు సాయంత్రం ఓనరు పుర్రచేతక్కని పిలిపించాడు. వచ్చే ఏడాది నుంచి పెట్టెలకి శాటిన్ ఉండదట. ప్లాస్టిక్ అచ్చులు వస్తాయట, అలా పడేస్తే సరిపోతుందట. కాబట్టి ఆవిడ పని ఇంతటితో సరి. ఇంతకాలం చేసినందుకు సంతోషమని చెప్పి జీతం చేతిలో పెట్టాడు.

మేస్త్రి తలుపు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ బయటికి రాగానే ఎదురొచ్చి అన్నాడు. "నాకూ ఇప్పుడే తెలిసిందక్కా. ఒట్టు."

అప్పుడు ఆవిడేం చేసిందో తెలుసా? ఉద్యోగం పోయినావిడ ఉద్యోగం ఉన్నవాణ్ణి ఓదార్చింది. భుజం మీద తట్టి, "నువ్వేం చేస్తావులే తమ్ముడూ, నీ చేతుల్లో ఉందా?" అంది. నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, "పాపం, వాడి మొహం చూడలేకపోయాను" అంది.

మర్నాడు నేనూ ఆవిడా కర్టెన్ల కొట్టుకి వెళ్ళాం. బట్ట కోసే బల్ల దగ్గర ఇంకొకావిడ కూర్చుని ఉంది. కొట్టు ఆవిడ మంచిదే, కుర్చీ వేసింది. "మీరు రానన్నాక ఆ నెలాఖరునే ఈవిణ్ణి పెట్టుకున్నానమ్మా. ఇప్పుడు ఆవిణ్ణి ఎలా తియ్యను?" అంది. తియ్యమని మేమెలా అంటాం? వచ్చేశాం. అక్కడా ఇక్కడా తిరిగితే ఒక రెడీమేడ్ దుస్తులవాడు లంగాల బట్ట ఇస్తానన్నాడు. ఇంట్లో కోసి ఇవ్వాలి, కోసినదానికే కూలి, కత్తెర ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఇన్నేళ్ళు కత్తెరతో బతికిన మనిషికి సొంత కత్తెర లేదు. వాడింది కార్ఖానాది.

సెలవులకు ముందు ఆఖరి పనిరోజున బహుమతులు ఇచ్చుకుంటాం. పుర్రచేతక్క రానంది. "నీకు చీటీలో వచ్చినవాళ్ళకి ఇవ్వవా ఏంటి? మర్యాదగా రా" అని నేనే పట్టుబట్టాను. నా మనసంతా ఆ కత్తెర మీదే ఉంది. పని పోతే పోయింది, కనీసం ఆ కత్తెరన్నా చేతికి వస్తే లంగాలు కోసుకుంటుంది. వస్తూ వస్తూ ఆవిడ కార్ఖానా ఎదురుగా ఉన్న ఆ హార్డ్‌వేర్ కొట్టు ముందే ఆగింది.

"ఒక కత్తెర కొనుక్కుని వస్తాను ఉండు."

"ఇప్పుడెందుకు? కాసేపాగు" అన్నాను కంగారుగా.

"ఎందుకాగడం? రేపు బట్ట తెస్తాడు. రేపట్నుంచి కొట్లు మూత."

"ఆగమంటే ఆగవేం! నా మాట విను" అని చెయ్యి పట్టుకు లాగాను. రహస్యం నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసి లోపలికి నడిచింది.

మేం ఎదురు కార్ఖానావాళ్ళమని కొట్టాయనకి తెలుసు గాని ఎవరు ఎవరో తెలియదు. బట్ట కోసే కత్తెర కావాలంటే రెండు మూడు తీసి ముందు పెట్టాడు. ఆవిడ ఒక్కోటీ పట్టుకుని చూసి పెదవి విరిచింది. "ఎడంచేతికి పనికొచ్చేవి ఏమన్నా ఉంటాయా?" అని అడిగింది.

"ఉందమ్మా, ఒకే ఒక్కటి. దానికి ఏం జాతకమో, వెళ్ళి మళ్ళీ వచ్చింది" అంటూ వెనక అరలోంచి తీశాడు. "మీ మేస్త్రే కొన్నాడు ఏడాది మొదట్లో. మళ్ళీ ఎండాకాలంలో తెచ్చి వాపసిచ్చాడు. రోడ్డు తవ్వారు చూడండి, ఆ వారం. పలక మీద నడిచి మరీ వచ్చాడు. అమ్మిన సరుకు తీసుకోనన్నాను గాని, మీ కార్ఖానా పాత గిరాకీ కదా. ఏం, ఆవిడకి నచ్చలేదా అంటే, ఇవ్వనేలేదండీ, సీజను అయిపోగానే ఆవిణ్ణి తీసేస్తున్నారు, ఇంక కత్తెరెందుకు అన్నాడు."

ఆవిడ ఎడమచెయ్యి ముందుకు చాపి కత్తెర అందుకుంది. వేళ్ళు పిడిలోకి పోయాయి. బొటనవేలు ఎక్కడా ఒరుసుకోలేదు. కొట్టాయన ఆ చేతి వంక చూసి, ఆవిడ మొహం వంక చూసి, నోరు మూసుకున్నాడు.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. రోడ్డు తవ్విన వారం. కర్టెన్ల ఆవిడ వచ్చింది రోడ్డు పూడ్చాక. అంటే "ఈ బల్ల నీదే" అని బల్ల మీద చెయ్యేసి చెప్పేనాటికే ఆ కత్తెర తిరిగి ఈ అరలోకి వచ్చేసింది. ఆవిడ కూడా అదే లెక్క చూసుకుంటోందని ఆవిడ కళ్ళు చూస్తేనే తెలిసింది. డబ్బిచ్చి, కత్తెర సంచీలో వేసుకుని రోడ్డు దాటింది. కొట్టాయన ధర తగ్గిస్తానన్నా వినిపించుకోలేదు.

లోపల అందరూ బల్లలు జరిపి గుండ్రంగా కూర్చున్నారు. ప్యాకింగ్ తాత తన కొత్త టోపీ పెట్టుకుని అద్దం కోసం వెతుక్కుంటున్నాడు. పుర్రచేతక్క నేరుగా వ్యాను డ్రైవరు దగ్గరికి వెళ్ళి ఒక చిన్న పొట్లం ఇచ్చింది. తోలు చేతి తొడుగులు. చలికాలం తెల్లవారుజామున స్టీరింగు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయని అతను ఎప్పుడో అన్న మాట గుర్తుపెట్టుకుని ఎండాకాలంలో కొన్నది. "వేసుకుని చూడు. ఇరుగ్గా ఉంటే ఇప్పుడే చెప్పు" అంది. సరిగ్గా సరిపోయాయి. డ్రైవరు రెండు చేతులూ అలాగే గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు మేస్త్రి వచ్చాడు. బజార్లో సరుకు నింపి అమ్మే మా రంగుల కాగితం పెట్టె ఒకటి ఆవిడ చేతికిచ్చాడు. తెరిస్తే రెండు తువ్వాళ్ళు.

"ఎప్పుడు కొన్నావు తమ్ముడూ?"

"ఎప్పుడో కొన్నానక్కా, మర్చిపోయాను."

ఆవిడ పెట్టె మీది కాగితాన్ని చేత్తో నిమిరింది. "ఈ కాగితం మొన్న ఆఖరి లోడు పెట్టెలకి అంటించాం గదా. ఆ పెట్టెలు బజార్లోకొచ్చి ఎన్నాళ్ళయిందని?" అంది. తర్వాత సంచీలోంచి కత్తెర తీసి తువ్వాళ్ళ మీద పెట్టింది.

మేస్త్రి మొహంలో రంగు మారిపోయింది. చాలామందికి ఏం జరుగుతోందో ఇంకా తెలియదు. నేను చెప్పాను. గట్టిగా, గది చివరిదాకా వినపడేలా, కొట్టాయన చెప్పింది ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. ఇంకా నోటికొచ్చిందల్లా అందామని లేచాను గాని పుర్రచేతక్క చెయ్యెత్తి ఆపింది.

"అక్కా, ఓనరు ఎవరికీ చెప్పొద్దన్నాడు" అన్నాడు మేస్త్రి. "ముందే తెలిస్తే నువ్వు వెళ్ళిపోతావు. ఆ ఆర్డరు ఎవరు చేస్తారు? అది పోతే నా ఉద్యోగమే పోయేది. నాకూ పిల్లలున్నారక్కా."

"ఆర్డరు మధ్యలో పడేసి పోయేదాన్నా నేను?"

అతను తల వంచుకుని తువ్వాళ్ళ అంచు సర్దాడు.

"నాకు తెలిసుంటే కర్టెన్లావిణ్ణి సీజను దాకా ఆగమని బతిమాలుకునేదాన్ని. ఆగేదో లేదో. బతిమాలుకునే వీలన్నా ఉండేది నాకు. నువ్వు నా వేలికి సరిపోయే కత్తెర కూడా చూసినవాడివి. నా మీద అంత శ్రద్ధ ఉండి కూడా నన్ను ముంచావు. ఏ శ్రద్ధా లేనివాడు ముంచితే నాకింత బాధ ఉండేది కాదు."

"ఏం కావాలో చెప్పక్కా, కొనిపెడతాను. ఏదైనా సరే."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కింద పడనివ్వలేదు. "ఏమీ కొనక్కర్లేదు. ఎండాకాలంలో, ఆ కర్టెన్లావిడ వచ్చిన రోజున, వెళ్ళిపో అక్కా అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. పైసా ఖర్చులేదు దానికి. నీ జన్మలో అంత చవగ్గా నాకు ఇంకేమీ ఇవ్వలేవు."

కత్తెర తీసుకుని సంచీలో వేసుకుంది. తువ్వాళ్ళు బల్ల మీదే ఉన్నాయి. తాతకీ డ్రైవరుకీ వెళ్ళొస్తానని చెప్పింది, నా చెయ్యి ఒకసారి నొక్కింది. గుమ్మం దగ్గర ఆగి అతని వైపు తిరిగి, చాలా మర్యాదగా, "వస్తానండీ మేస్త్రిగారూ" అంది.

అన్నేళ్ళలో ఆవిడ అతన్ని అండీ అని, గారూ అని అనడం అదే మొదటిసారి. చెంపదెబ్బ కొట్టినా అతను అంత తూలిపోయేవాడు కాదు.

ఆవిడ గేటు దాటిపోయింది. అప్పుడు అతను గుమ్మం వైపు చూస్తూ, "అక్కా!" అన్నాడు. మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, "అక్కా!" అన్నాడు. అతను అక్కా అని పిలిచే ఆడవాళ్ళం ఆ గదిలో చాలామందిమి ఉన్నాం. రోజుకి వందసార్లు పిలుస్తాడు, వందసార్లు పలుకుతాం. ఆ రోజు ఎవరమూ పలకలేదు.